హైమక్క హాజరు

హైమక్క కారు అమ్మేసిందని స్వరూప ఫోన్ చేసి చెప్పింది. చెప్పేటప్పుడు దాని గొంతు ఎలా ఉందంటే, ఎవరో పోయారేమోనని నేను ముందే సోఫాలో కూలబడ్డాను. కారే కదా, పాతదైపోయి ఉంటుంది, కొత్తది కొనుక్కుంటుందిలే అన్నాను. "కొత్తది కొంటలేదు పద్మా. ఇగ నడపదట," అంది స్వరూప. కరీంనగర్ నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా, పిల్లలు పూర్తిగా అమెరికన్లయిపోయినా, దాని మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వారాంతమే నేను సన్నీవేల్ నుంచి షికాగో విమానం ఎక్కాను. అంత అర్జెంటు ఏమిటని ఆఫీసులో అడిగితే ఫ్యామిలీ ఎమర్జెన్సీ అన్నాను. మరేం చెప్పను? డెబ్భై దాటిన ఒకావిడ కారు అమ్మేసింది, ఆవిడ నాకు చుట్టమూ కాదు పక్కమూ కాదు, అయినా నాకు వెళ్ళాలనుంది అంటే సెలవిస్తారా?

సరిగ్గా దానికి ముందు వారమే మా కంపెనీవాళ్ళు మేనేజర్లందర్నీ ఒక హోటల్లో కూర్చోబెట్టి, నాయకులు కష్టాల్నీ ఓటముల్నీ ఎలా దాటుకొస్తారో నేర్పించారు. నేర్పించినాయనకి పట్టుమని నలభై ఏళ్ళు ఉండవు. చెంప మీద మైకు, చేతిలో రిమోటు. మీకు తెలిసిన నాయకుడి పేరు ఒక్కొక్కరూ చెప్పండి అన్నాడు. అందరూ కంపెనీలు పెట్టినవాళ్ళ పేర్లూ, కప్పులు గెలిపించిన కోచ్‌ల పేర్లూ చెప్పారు. నా వంతు వచ్చేసరికి నాలిక చివరిదాకా హైమక్క పేరు వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి, పక్కాయన చెప్పిన పేరే నేనూ చెప్పి కూర్చున్నాను. హైమక్క గెలిచిన కప్పులేవీ లేవు. ఆవిడ నడిపిన సైన్యమల్లా షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఇరుక్కుపోయిన కొంతమంది పెళ్ళాలు. ఆ కథ ఆ హోటల్లో, ఆ స్లైడ్ల ముందు, ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాదు. అది తెలుగులోనే జరిగింది, తెలుగులోనే చెబుతాను.

అప్పుడు నేను పెళ్ళయి వచ్చిన కొత్త. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం దోషం పట్టుకుందని, దాన్ని వదిలించడానికి మన దేశం నుంచి మనుషుల్ని విమానాలకెత్తి తెచ్చుకుంటున్న రోజులవి. మగవాళ్ళు వచ్చారు, వాళ్ళ సామానుతోపాటు మేమూ వచ్చాం. మాకిచ్చిన వీసా మీద వండుకోవచ్చు, తినచ్చు, పిల్లల్ని కనచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. తెనాలిలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడికొచ్చాక నా కెమిస్ట్రీ అంతా పాలు తోడుకుంటున్నాయా లేదా అన్నదానికి సరిపోయింది.

ఆ అపార్ట్‌మెంట్ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కార్పెట్‌కి ఒక వాసన ఉండేది, మాకంటే ముందున్నవాళ్ళ కుక్కదో, చెప్పులదో తెలియదు. చలికాలం గోడవార ఉన్న హీటరు వెయ్యగానే ఆ వాసన లేచి, ముందురోజు వంకాయ కూర వాసనతో కలిసి, బయటికి పోయే దారి లేక ఇల్లంతా తిరిగేది. కిటికీ అంచుల్లో మంచు గడ్డకట్టి రెక్క కదిలేది కాదు. పోపు వేస్తే చాలు, పైకప్పుకి తగిలించిన స్మోక్ అలారం కొంపలంటుకున్నట్టు అరిచేది. స్టూలెక్కి దానికి తువ్వాలుతో విసురుతూ, కింద మాడుతున్న ఆవాల్ని ఒక కంట చూసుకుంటూ వంట చేసేదాన్ని. అత్తగారికి భయపడాల్సి వస్తుందేమోననుకున్నాను కానీ, ఇలా ప్లాస్టిక్ డబ్బాకి భయపడి చారు పెడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆయన పొద్దున్నే వెళితే చీకటి పడ్డాక వచ్చేవాడు. మనిషి మంచివాడే. వస్తూనే, ఇవాళ ఏం చేశావని ప్రేమగానే అడిగేవాడు. ఆ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండేది. ఏం చేస్తాను? కిటికీ దగ్గర నిలబడి పార్కింగ్ లాట్ చూశాను, అది నన్ను చూసింది. రోడ్డుకి అవతల ఒక పెద్ద కిరాణా కొట్టు ఉండేది. దాని బోర్డు మీద ఉన్న టమాటా బొమ్మ కూడా మా కిటికీలోంచి స్పష్టంగా కనిపించేది. మధ్యలో రోడ్డు. దానికి ఫుట్‌పాత్ లేదు, దాటడానికి గీతలు లేవు, నడిచే మనిషంటూ ఒకరుంటారని దాన్ని వేసినవాళ్ళకి తట్టలేదు. ఒకరోజు పాలు అయిపోయాయని ధైర్యం చేసి బయల్దేరాను. సగం దాటి, మధ్యలో ఉన్న గట్టు మీద చిక్కుకున్నాను. ముందూ వెనకా తెంపు లేకుండా కార్లు. కుచ్చిళ్ళు గాలికి ఎగిరిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. కార్లలో పిల్లలు నన్ను వేలు పెట్టి చూపించుకుంటూ వెళ్ళారు. చివరికి దారి దొరికింది కానీ, అది కొట్టు వైపు కాదు, ఇంటి వైపు. వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. పాల కోసం ఏడ్చానని మా ఆయన ఆ సాయంత్రమే గాలన్ల కొద్దీ పాలు తెచ్చి పెట్టాడు.

ఆ గట్టు మీద నన్ను చూసినవాళ్ళలో హైమక్క ఒకరు. పక్క బిల్డింగులో ఉండేది. మర్నాడు వచ్చి తలుపు కొట్టింది. నేతచీర, దాని మీద వాళ్ళాయన కోటు, కాళ్ళకి కాన్వాసు బూట్లు. వయసు చూసి లోపలికి రండి ఆంటీ అన్నాను. గడప బయటే ఆగి, "నా చేతి కింద అంతమంది మగాళ్ళు పనిచేశారు, ఒక్కడూ ఆంటీ అనలేదమ్మాయ్. అక్కా అను, లేదంటే మేడమ్ అను," అంది. ఊళ్ళో ఆవిడ విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. రేపల్లె చుట్టుపక్కల లైన్లన్నీ ఆవిడ చూసినవే. గాలివాన వచ్చి స్తంభాలు కూలితే, లైన్‌మన్లని వెంటేసుకుని మోకాటి లోతు నీళ్ళలో నడిచి కరెంటు తెచ్చిన మనిషి. వాళ్ళాయన సుబ్బారావు గారికి పాత కంప్యూటర్ల భాషలు బాగా వచ్చు. ఆ భాషలు వచ్చినవాళ్ళకి ఉన్నట్టుండి గిరాకీ పెరిగి, నడివయసులో ఆయన్ని అమెరికా తీసుకొచ్చారు. హైమక్క దీర్ఘ సెలవు పెట్టి వెనకాల వచ్చింది. జీపూ, డ్రైవరూ, దండాలూ అన్నీ అక్కడే ఉండిపోయాయి.

నడుస్తూ నడుస్తూ ఆవిడ తల పైకెత్తి చూసేది. మా కాంప్లెక్సులో తీగలన్నీ భూమిలోంచి వేశారు. స్తంభాలే లేవు పద్మా, ఎటు చూడాలో తెలియట్లేదు అనేది. బిల్డింగు వెనకాల ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె ఒకటి ఉండేది, అదే ట్రాన్స్‌ఫార్మరట. దాని పక్కన ఆగి, తలవంచి, దాని మోత కాసేపు వినేది. బాగానే ఉంది అని చెప్పి ముందుకు నడిచేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆ తరవాత నేనూ ఆగి వినేదాన్ని, చెయ్యడానికి వేరే పనేముంది కనక.

ఆవిడ వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి మాకు హాజరు మొదలైంది. మగవాళ్ళ కార్లు వెళ్ళిపోగానే ఫోన్ మోగేది. ఎత్తితే హలో ఉండదు, ఏం చేస్తున్నావు ఉండదు. "పద్మా?" అనేది. నేను "ఉన్నానక్కా" అనాలి. అంతే, పెట్టేసేది. తరవాత స్వరూప, తరవాత మిగతావాళ్ళు, వరసగా. పలక్కపోతే మంచులో వాళ్ళాయన బూట్లేసుకుని వచ్చి తలుపు కొట్టేది. ఇదేం చాదస్తం అని మొదట విసుక్కున్నాం. కానీ రోజంతా నా పేరు పెట్టి పిలిచే గొంతు ఆ ఇంట్లో ఇంకోటి లేదు. మా ఆయన ఏమోయ్ అనేవాడు. రెండు మూడు వారాలయ్యేసరికి, ఆ ఫోన్ మోగేలోపు మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుని కూర్చునేదాన్ని, ఫోన్లో ఆవిడకి కనపడతానన్నట్టు.

ఒకరోజు హాజరయ్యాక అందర్నీ వాళ్ళింటికి రమ్మంది. ఉప్మా పెట్టింది. తింటుంటే, వచ్చే వారం నుంచి మగవాళ్ళు కలిసి ఒకే కారులో వెళతారు, ఒక కారు మనకి వదిలేస్తారు, అందరూ డ్రైవింగ్ నేర్చుకుంటారు అని చెప్పింది. మగవాళ్ళని అడిగారా అక్కా అన్నాను. ఇప్పుడు చెబుతాగా అంది. మర్నాడు పొద్దున్నే పార్కింగ్ లాట్లో కార్లు స్టార్ట్ అవకముందే వెళ్ళి నిలబడి, అడగలేదు, చెప్పింది. ఊళ్ళో ఇలాంటి మేడమ్‌ల దగ్గర సంతకాల కోసం తిరిగొచ్చినవాళ్ళే కాబట్టి మగవాళ్ళు కిక్కురుమనలేదు. సుబ్బారావు గారు మాత్రం నవ్వి, ఊళ్ళో జీపు తలుపు కూడా డ్రైవరే తీసేవాడు, ఈవిడ కారు నేర్పిస్తుందట అన్నారు. ఆయన నవ్వు అప్పుడు మాకు పట్టలేదు.

నేర్పేది స్వరూప. వాళ్ళ నాన్న మారుతి కారు నడిపిన అలవాటుంది, ఇక్కడికొచ్చిన కొత్తలోనే లైసెన్సు తెచ్చుకుంది. హైమక్క వెనక సీట్లో కూర్చుని రూల్సు అప్పజెప్పించేది. అందరిలోకీ మొద్దుని నేను. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కేదాన్ని. "గంత గట్టిగ తొక్కుతవేందే, అది బ్రేకు, బొద్దింక కాదు," అనేది స్వరూప. టెస్టుకి వెళ్ళే రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెడదామంటే హైమక్క లాక్కుని, పులిహోరకి పనికొస్తాయంది. టెస్టు పోయి వస్తే ఓదార్చేది కాదు. "ఏడుపు తరవాత. ముందు ఏం తప్పు చేశావో చెప్పు," అనేది. అందరి ముందూ చెప్పాలి. నేను అద్దం చూసుకోలేదని ఒకసారి, గీత దాటి ఆగానని ఒకసారి చెప్పాను. చెప్పేశాక విచిత్రంగా ఏడుపు వచ్చేది కాదు. అలా ఒక్కొక్కరం గట్టెక్కాం. నేను పాసైన రోజు ఎదురుగా ఉన్న కొట్టుకి కారులో వెళ్ళాను. తలుపులోంచి తలుపులోకి రెండు నిమిషాలు పట్టలేదు. టమాటా బొమ్మ కింద నిలబడి మా కిటికీ వైపు చూశాను. లోపల కట్టిన కర్టెన్ ఎంత మురికిగా ఉందో అప్పుడు తెలిసింది.

అందరూ అయ్యాకే నా వంతు అంది హైమక్క. ఆవిడ వంతు వచ్చింది. వెళ్ళింది, పోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ పోయింది. ఆవిడ నడపలేక కాదు. పార్కింగ్ లాట్లో వెనక్కి పెట్టడం, పక్కన పెట్టడం మా అందరికంటే నయం. అయినా టెస్టుకి వెళ్ళిన ప్రతిసారీ ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపుతూ దిగేవాడు. అసలు సంగతేమిటంటే, వచ్చాక ఏం తప్పు చేసిందో ఆవిడ చెప్పేది కాదు. మా చేత చెప్పించిన మనిషి, కోటు విప్పుకుంటూ, రేపటి వంటేమిటి అనేది. మాకు అడిగే ధైర్యం లేదు. అలా శీతాకాలం మధ్యకి వచ్చాం. స్వరూప కూతురి పుట్టినరోజు నాడు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా సుబ్బారావు గారు, "మీ అక్క స్తంభాలెక్కించింది గానీ స్టీరింగు మాత్రం తిప్పలేకపోతోంది. ఇక చాల్లెండి, పెట్రోలు దండగ," అన్నారు. మగవాళ్ళంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. హైమక్క కూడా నవ్వి, గరిటె తీసుకుని ఆయన విస్తట్లో పెరుగన్నం వడ్డించింది.

మర్నాడు ఫోన్ మోగలేదు. నేను మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ పాడైందేమోనని ఎత్తి చూశాను, కూత వినిపిస్తోంది. ఆ మర్నాడూ మోగలేదు. ఇదే అదనుగా, మంచు పడుతోంది, కలిసి వెళ్ళడం కష్టంగా ఉంది అంటూ మగవాళ్ళు ఎవరి కారు వాళ్ళు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. లైసెన్సులు పర్సుల్లో ఉన్నాయి, కార్లు మాత్రం లేవు. ఇదివరకు బయటికి వెళ్ళడం రాక ఇంట్లో ఉండేదాన్ని. ఇప్పుడు వచ్చీ ఉండాల్సి రావడంతో ఆ గోడలు నామీదికి వచ్చేవి. ఒకరికొకరం ఫోన్ చేసుకోవచ్చుగా అనిపించవచ్చు. చేసుకోలేదు. ఆవిడ పిలిస్తే పలకడమే మాకు తెలుసు. బయట మంచు, లోపల హీటరు వాసన. అలారం అరిచినా స్టూలెక్కడానికి ఓపిక లేక పోపు వెయ్యడమే మానేశాను. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ బాగున్నావా అని అడిగేది, బాగున్నాను అనేదాన్ని. ఎవరైనా వచ్చి నన్ను అక్కణ్ణించి తీసుకుపోతే బాగుండునని రోజూ అనుకున్నాను. ఎక్కడికో నాకే తెలియదు.

ఒకరోజు మా ఆయనకి జలుబు చేసి, స్నేహితుడి కారులో ఆఫీసుకి వెళ్ళాడు. మా కారు ఇంటి ముందే ఉంది. తాళం తీసుకుని హైమక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి, పట్టపగలు లైటు వేసి ఉంది. ఎప్పుడూ స్టీలు గ్లాసులో పొగలు కక్కుతుండే కాఫీ బల్ల మీద మీగడ కట్టి ఉంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న మాట ఒకటే ఉంది, అదే అన్నాను. "ఏం తప్పు చేశారో చెప్పండక్కా." నన్ను కొట్టినంత పని చేస్తుందనుకున్నాను. గోడకానుకుని, "ఆగిపోతున్నా పద్మా. ఆగితే కదల్లేకపోతున్నా," అంది.

చూపించమన్నాను. కోటు వేసుకుని వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను, ఆవిడ నడిపింది. వెనక వీధుల్లో, నాలుగు వైపులా స్టాప్ సైన్ ఉన్న ఒక కూడలికి వచ్చాం. అక్కడ రూలు చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. అందరూ ఆగాలి, ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి. హైమక్క చక్కగా ఆగింది. మా వంతు వచ్చింది. కదల్లేదు. ఎడమవైపు కారుని చెయ్యి ఊపి పొమ్మంది. అది వెళ్ళింది. ఎదురుగా ఉన్న వ్యానుని పొమ్మంది. ఈలోపు ఇంకో కారు వచ్చింది, దాన్నీ పంపింది. వచ్చినవాళ్ళనల్లా సాగనంపుతూ, పెళ్ళివారింటి వాకిట్లో నిలబడ్డట్టు కూర్చుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆ ఊళ్ళో నేను విన్న మొదటి హారన్ అదే. పక్కకి తీసి ఆపండక్కా అన్నాను. ఆపింది.

అప్పుడు చెప్పింది. స్తంభాల మీద పనిచేసేటప్పుడు, సబ్‌స్టేషన్‌లో కరెంటు తీసేసి, తీసేశామని ఆఫీసరుకి మాట ఇస్తారట. పనయ్యాక అందరూ కిందికి దిగారని ఆ ఆఫీసరు తిరిగి మాట ఇస్తేనే మళ్ళీ కరెంటు వదులుతారు. ఒక గాలివాన తరవాత, ఊళ్ళన్నీ చీకట్లో ఉన్నప్పుడు, ఆ మాట ఇవ్వాల్సింది హైమక్క.

"పైనుంచి ఒకటే ఫోన్లు, ఎంతసేపు ఎంతసేపు అని. కింద మనుషులంతా కనబడుతున్నారు. దిగిపోయారనుకున్నా. అందరూ దిగారని చెప్పేశా. రాఘవులు తాటితోపు వెనక స్తంభం మీదే ఉన్నాడు పద్మా. ప్రాణం దక్కింది. చెయ్యి పోయింది. విచారణలో నా తప్పేం లేదని రాశారు. రాస్తే? పేరు పెట్టి పిలిచి ఉంటే పలికేవాడు."

తరవాత ఏం చేశారక్కా అన్నాను. "మర్నాడు మళ్ళీ ఆ మనుషుల్నే ఎక్కమనాలి. ఊళ్ళింకా చీకట్లోనే ఉన్నాయి. ఏ మొహంతో ఎక్కమంటాను? లీవు పెట్టి పోదామనుకున్నా. పోతే ఆళ్ళని వేరేవాడు ఎక్కిస్తాడు, ఆడూ పేర్లు పిలవడు. స్తంభం కింద నిలబడి ఒక్కొక్కణ్ణీ పిలిచా. ముందు ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచా. పలికారు. ఆనాటి నుంచీ అందరూ పలికితేగానీ నేను కదిలింది లేదు." కూడలి వైపు చూసి, "ఈళ్ళ పేర్లు నాకు తెలీదుగా," అంది.

నాకు తెలివితేటలు ముంచుకొచ్చి చెప్పిన మాట కాదిది. ఆవిడ్ని మళ్ళీ ఆ కర్టెన్ల వెనక్కి పంపడం ఇష్టం లేక, నోటికొచ్చింది అన్నాను. పదండక్కా, పేర్లు నేను పెడతాను అన్నాను. మళ్ళీ కూడలికి వచ్చి ఆగింది. "ఎడమవైపు ఎర్రకారు, ఆగింది. ఎదురుగా ముసలాయన, ఆగాడు. కుడివైపు ఎవరూ లేరు. అందరూ దిగారక్కా," అన్నాను. ముసలాయన మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. హైమక్క పెదవులు కదిలాయి. నేను చెప్పినవి తనలో తాను మళ్ళీ చెప్పుకుంది. కారు కదిలింది. కూడలి దాటాక ఆవిడ ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఏడుపు తరవాత, ముందు అద్దం చూడు అంది. ఆ మధ్యాహ్నమంతా ఆ కూడలి చుట్టూ తిరిగాం. సాయంత్రానికి పిలిచే పని ఆవిడే చేసుకుంటోంది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. "పద్మా?" అంది. ఉన్నానక్కా అన్నాను. ఆ రోజే అందర్నీ పిలిచి, ఉప్మా పెట్టి, తన తప్పేమిటో, దాని వెనక ఏముందో, రాఘవులు పేరుతో సహా చెప్పింది. స్వరూప లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. మంచు కరిగే రోజుల్లో టెస్టుకి వెళ్ళింది. ఆ దారంతా మీరేదో గొణుగుతున్నారు, ఏమిటది అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగిందట. సేఫ్టీ చెక్ అని చెప్పిందట హైమక్క. పాసయింది. ఆ సాయంత్రం పార్కింగ్ లాట్లో సుబ్బారావు గారు కారు దిగగానే తాళం కోసం చెయ్యి చాపింది. ఆయన ఇచ్చారు. నవ్వలేదు.

ఆ తరవాత తలో దిక్కుకీ వెళ్ళిపోయాం. ఉద్యోగాలొచ్చాయి, ఇళ్ళొచ్చాయి. హాజరు వారానికొకటైంది, పండగలకైంది, తరవాత పుట్టినరోజులకి ఫోన్లో పంపే బొమ్మలుగా మిగిలింది. హైమక్క మాత్రం షామ్‌బర్గ్ వదల్లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి కారు నేర్పడం, ఎవరికి నొప్పులొచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్ళడం, సుబ్బారావు గారిని చివరిదాకా డయాలిసిస్‌కి తిప్పడం, అన్నీ ఆ చేతుల మీదే జరిగాయి.

మొన్న వెళ్ళినప్పుడు స్టీలు గ్లాసులోనే కాఫీ ఇచ్చింది. గ్లాసుని బల్ల మీద పెట్టేముందు బల్ల అంచు వేలితో తడిమింది. గరాజ్‌కి తీసుకెళ్ళి చూపించింది. కారు ఉండే చోట నూనె మరక ఉంది. ఎవరు అమ్మమన్నారక్కా, డాక్టరా అన్నాను. "ఎవరూ అన్లేదు. స్టాప్ సైన్ దగ్గర అందరూ దిగారనుకుని కదిలా. ఎడమవైపు కారు నాకు కనపళ్ళేదు. ఆ పిల్ల బ్రేకేసింది కాబట్టి సరిపోయింది. మర్నాడే అమ్మేశా," అంది. ఇంకోసారి జరగాలని ఎదురుచూడలేదు. ఎవరిచేతా చెప్పించుకోలేదు. ఇంకా చూపు ఉండగానే తనే దిగిపోయింది. ఆ హోటల్లో రిమోటు పట్టుకున్నాయన దీనికి ఏ స్లైడు చూపిస్తాడో నాకు తెలియదు.

ఇప్పుడు కష్టమేముంది పద్మా, ఫోన్లో నొక్కితే కారొస్తుంది, కూరగాయలొస్తాయి అని ఆవిడే నాకు నచ్చజెప్పింది. నిజమే. ఇప్పటి అమ్మాయిలకి మా అంత చెర లేదు. కొందరికి ఉద్యోగాలు చేసుకునే వీలుంది, చేతిలో ఫోనుంది, అందులో అమ్మ మొహం కనపడుతుంది. ఆ రోజుల్లో మాకు ఇవేవీ లేవని ఇన్నాళ్ళూ జాలిపడ్డాను. కానీ ఆ రెండు రోజుల్లో హైమక్క ఇంట్లో ఫోన్ మోగింది సామాన్లు గుమ్మం ముందు పెట్టామని చెప్పడానికే. తలుపు తీసేసరికి తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గర నిలబడి వీధి వైపు మొహం పెట్టింది. అలా చాలాసేపు నిలబడింది. రోడ్డు మధ్య గట్టు మీద చీర పట్టుకుని నిలబడ్డ నన్ను నేనే చూసినట్టుంది. నాతో వచ్చెయ్యమన్నాను. అక్కడ మాత్రం ఏం చేస్తానే అని నవ్వేసింది.

సన్నీవేల్ వచ్చాక, మర్నాడు పొద్దున్నే, మీటింగులు మొదలవకముందు, వంటింట్లో నిలబడి ఫోన్ చేశాను. ఎత్తింది. నేను హలో అనలేదు.

"హైమక్కా?" అన్నాను.

అవతల వాళ్ళింటి ఫ్రిజ్ మోత మాత్రం వినిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ మా అందర్నీ పిలిచింది గానీ, ఆవిడ్ని అలా పిలిచినవాళ్ళు ఎవరూ లేరని, నా గొంతు నాకు వినపడ్డాకే తెలిసింది. మళ్ళీ పిలిచాను.

"హైమక్కా?"

"ఉన్నాను," అంది. గొంతు సరిచేసుకుంది. "స్వరూప పలికిందా?" అని అడిగింది.